గంట తేలకుండా కథ మొదలెట్టొద్దు

విశాఖ మీద పుస్తకం రాయడానికి సరుకు లేదని ఎవరూ అనలేరు. 1966 ఉక్కు ఉద్యమం, ఆ ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయిన 64 ఊళ్లు, 1997 రిఫైనరీ అగ్నిప్రమాదం, 2014 హుద్‌హుద్, 2020 స్టైరీన్ విషవాయువు లీకేజీ, 2023లో ఫిషింగ్ హార్బర్లో కాలిపోయిన బోట్లు. ఒక్కోదాని మీద కుప్పలుగా వార్తలొచ్చాయి. కల్పన లేకుండా, నవలలా చదివించే పుస్తకాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాలి. రాయగలిగినవాళ్లు లేక కాదు. వార్త రాసిన అలవాటుతోనే పుస్తకానికీ కూర్చుంటున్నాం. వార్తలో ‘తెల్లవారుజామున’ అంటే సరిపోతుంది. పుస్తకంలో ఆ మాట దగ్గరే కథ కుంటుతుంది. గంట తెలియని చోటల్లా రచయిత విశేషణాలు కూరుతాడు. ‘భయానక నిశ్శబ్దం’, ‘మృత్యుఘోష’ ఇలాగే వచ్చి చేరతాయి.

ఆ స్టైరీన్ లీకైన ఆర్.ఆర్. వెంకటాపురమే తీసుకుందాం. 2020 మే 7. ఎవరిని అడిగినా ‘మూడు గంటలప్పుడు’ అంటారు. అది వాళ్లు చూసిన గడియారం కాకపోవచ్చు, తర్వాత టీవీలో విన్న మాట కావచ్చు. అందుకే టైము ఎంతని అడగకూడదు. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేశారో అడిగి, కాల్ లిస్టు ఉంటే చూపించమనాలి. ఫోన్‌లో ఫొటో, బంధువుకు పెట్టిన వాట్సాప్ మెసేజ్, కేజీహెచ్ ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ, వీటన్నిటి మీదా టైము ఉంటుంది. ఒక పెద్ద నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకోవాలి: టైము, చోటు, ఎవరు చెప్పారు, దానికి కాగితం ఏమిటి. ఇద్దరి మాటకు ఇరవై నిమిషాల తేడా వస్తే రెండూ రాసుకోవాలి, సగటు తీయకూడదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, నేలబారుగా పాకుతుంది. పల్లపు సందులో పడుకున్నవాళ్లకూ డాబా మీద పడుకున్నవాళ్లకూ వాసన ఒకే నిమిషంలో తగలకపోవచ్చు. తప్పు అనుకున్న ఆ ఇరవై నిమిషాలే ఒక్కోసారి అసలు అధ్యాయం అవుతుంది.

జ్ఞాపకాన్ని పరీక్షించడానికి ప్రకృతి కూడా సాయం చేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మధ్యాహ్నం పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లు మించిన గాలి. తుఫాను కన్ను నెత్తిమీదుగా పోయిన చోట గాలి కాసేపు ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. ‘ఆగినాది, మళ్లీ అటేపు నుంచి వచ్చీసింది’ అని ఒక ముసలమ్మ చెబితే, ఆ రోజు ఆమె ఏ పేటలో ఉందో మ్యాపులో పెట్టి చూడాలి. కన్ను పోయిన దారికి బాగా పక్కగా ఉన్న ఊళ్లో గాలి అలా ఆగి తిరగబడదు. అక్కడున్న మనిషి కూడా అదే మాట చెబితే, అది విన్న మాట అయ్యుండొచ్చు. హార్బర్ మంటలకు ఇంకో గుర్తుంది. 2023 నవంబర్ 19, ప్రపంచకప్ ఫైనల్ జరిగిన ఆదివారం. మ్యాచ్ తొమ్మిదిన్నర ప్రాంతంలో అయిపోయింది. ‘మ్యాచ్ అయ్యాక ఎంతసేపటికి?’ అని అడిగితే వచ్చే జవాబు, ‘ఎన్ని గంటలకి?’ అంటే రాదు.

కాగితాల దగ్గర జరిగే పొరపాట్లు వేరు. సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎందుకు చర్య తీసుకోలేదు?’ అని రాస్తే తిరిగొస్తుంది. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు లాగ్‌బుక్ నకలు’ అని రాయాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. పరవాడ ఫార్మా ఫైలు కోసం అనకాపల్లినీ, అరకు ఫైలు కోసం పాడేరునీ అడగాలి. పొరపాటున వేరే ఆఫీసుకు పంపినా వాళ్లే 5 రోజుల్లో బదిలీ చేయాలి. ఎఫ్ఐఆర్ దొరికిందని సంబరపడిపోవద్దు. అది ఒక మనిషి చెప్పింది ఇంకో మనిషి రాసుకున్న కాగితం. ఉక్కు నిర్వాసితుల ఇళ్లలో మాత్రం ఆఫీసుల్లో దొరకనివి ట్రంకుపెట్టెల్లో దొరుకుతాయి: ఆర్-కార్డు (పునరావాస కార్డు), భూసేకరణ నోటీసు, వాటి మీద ఇప్పుడు లేని ఊరి పేరు, సర్వే నంబరు.

ఇక సంభాషణలు. మన పుస్తకాల్లో నమ్మకం పోయేది ఎక్కువగా ఇక్కడే. చనిపోయిన మనిషి ఆఖరి క్షణంలో ఏమనుకున్నాడో రాసేస్తాం. ఎవరు విన్నారు? అక్కడున్న ఒక్కరైనా విన్న మాటనే కొటేషన్లలో పెట్టాలి, మిగతాది ‘అన్నాడట’ అనే రాయాలి. అలా రాస్తే బలం తగ్గదు, పెరుగుతుంది. యాస సంగతీ అంతే. ‘నాకేటి తెలస్తాది బాబూ’ అన్న మాటను ‘నాకు తెలియదు’గా దిద్దితే ఆ మనిషే పోతుంది. పేదవాడికి మాత్రమే యాస పెట్టి, అదే ఊళ్లో పుట్టిన ఆఫీసరు చేత పేపర్ తెలుగు మాట్లాడించడం అంతకంటే అన్యాయం. గంట రికార్డింగును యాసతో సహా కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ పని వేరేవాళ్లకిచ్చి దిద్దించుకుంటే యాస అక్కడే పోతుంది.

ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒక పాత్ర చేయడం నాన్‌ఫిక్షన్‌లో కుదరదు. పేరు మార్చొచ్చు, మార్చినట్టు చెప్పాలి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, పిల్లలైతే పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది. పేరు మార్చేసి ‘ఫలానా కాలనీ చివరిల్లు, పెద్దకొడుకు నేవీలో’ అని రాస్తే పేటంతా గుర్తుపడుతుంది.

అచ్చు దగ్గర మొదట వేటు పడేది చివరి నోట్స్ మీదే. ఒక ఫారం, అంటే 16 పేజీలు తగ్గుతాయని లెక్క చెబుతారు. తగ్గించాల్సివస్తే ముందుమాటలు తగ్గించండి. ఏ టైము ఏ కాగితంలోంచి వచ్చిందో చెప్పేవి ఆ నోట్స్ పేజీలే, వాటిని వదులుకోవద్దు.

రాసింది ఆ మనుషులకు చదివి వినిపించాలి. దానికీ అదను ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే. బోటు నడిపే సరంగులు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ‘ఒడ్డుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో’ అని మీరు చదవగానే ఒకాయన తల అడ్డంగా ఊపి, లోతు ఎన్ని బారలో చెబుతాడు. ఆ వాక్యం కొట్టేసి బారల్లోనే రాయండి.