అనని మాటకు జవాబులు

2021 అక్టోబరు 5న ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హౌగెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. కంపెనీ భద్రత కన్నా లాభాలకే పెద్దపీట వేస్తోందని గట్టిగానే విమర్శించారు. అయితే అక్కడ ఎవరూ దుర్మార్గులు కారని రెండు రోజుల ముందే ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్నారు. జనం ఎక్కువగా స్పందించే పోస్టులనే పైకి తెచ్చే ర్యాంకింగ్ పద్ధతి వల్ల కోపం, విద్వేషం ఎక్కువ మందికి చేరుతున్నాయన్నది ఆమె వాదన. సాక్ష్యం చెప్పిన రోజే ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ జవాబిచ్చారు. లాభం కోసం తాము కావాలని కోపం పుట్టించే పోస్టులను జనం మీదికి తోస్తున్నామనడం అర్థంలేని వాదన అన్నారు.

ఆమె తప్పుపట్టింది పద్ధతిని. ఆయన కాదన్నది దురుద్దేశాన్ని. ఎదుటివారి మాటను పోలిన బలహీనమైన మాటొకటి తయారుచేసి, దాన్ని తగలబెట్టి గెలిచామనుకోవడమే దిష్టిబొమ్మ వాదన. అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. 2017లో ఫేస్‌బుక్ ర్యాంకింగ్‌లో కోపం ఎమోజీకి లైక్ కంటే ఐదు రెట్ల విలువ ఉండేది. 2020లో దాన్ని సున్నా చేశారు. ఇది మనుషులు పెట్టిన అంకె, మనుషులే మార్చిన అంకె. చర్చ జరగాల్సింది ఇలాంటి వాటి మీద.

ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. వయసు నిర్ధారణ పేరుతో అందరి వివరాలూ సేకరిస్తారేమోనని అడిగితే, ‘పిల్లలు ఏమైపోయినా మీకు పట్టదా?’ అంటారు. చట్టాన్ని సమర్థిస్తే, ‘పిల్లలను శిక్షిస్తారా?’ అంటారు. నిజానికి జరిమానా కంపెనీలకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు.

వీటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. అవతలి పక్షంలో ఎవరో ఒకరు నిజంగానే అన్న అర్థంలేని మాటను స్క్రీన్‌షాట్ తీసి, ‘వీళ్లంతా ఇంతే’ అని పెట్టడం. అక్కడ అబద్ధం లేదు కాబట్టి పట్టుకోవడం కష్టం. కోపంతో వచ్చే ప్రతి రిప్లై ఆ పోస్టును ఇంకాస్త పైకి తీసుకెళుతుంది. అదే పక్షంలో ఆలోచించి రాసినవారి మాట ఎవరి ఫీడ్‌లోకీ రాదు.

ఈ గొడవలో ఆస్ట్రేలియా చట్టంలోని అసలు విషయాలు పక్కకు పోతున్నాయి. వయసు నిర్ధారణకు ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే మార్గంగా పెట్టకూడదని అందులో ఉంది. మరి ముఖం చూసి వయసు అంచనా వేసే సాఫ్ట్‌వేర్ 15 ఏళ్లకూ 17 ఏళ్లకూ తేడా ఎంత కచ్చితంగా చెప్పగలదు? పొరపాటున ఖాతా పోయినవారు ఎవరికి చెప్పుకోవాలి?