ఎంసీబీ ఒక్కటే కాపాడదు

ఇళ్లలో మంటలకు షార్ట్ సర్క్యూటే కారణమని, ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతట అదే పడిపోయే, అంటే ఆఫ్ అయ్యే స్విచ్) పెట్టించుకుంటే భయం లేదని ఒక వ్యాసంలో రాశారు. మొదటి మాట సగమే నిజం, రెండోది ప్రమాదకరం.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఒక వేసవిలో మా ఏసీ ప్లగ్గున్న గదిలో చేపల నీచులాంటి వాసన వచ్చింది. చుట్టూ రొయ్యల చెరువులే కదా, అటు గాలి అనుకుని రెండు రోజులు పట్టించుకోలేదు. చివరికి సాకెట్ విప్పి చూస్తే వెనుక స్క్రూ వదులై, వైరు తొడుగు నల్లగా మాడిపోయింది. ఎంసీబీ పడలేదు. పడదు కూడా! వదులైన చోట వేడి పుడుతుంది తప్ప కరెంటు పరిమితి దాటదు. షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయినా కరెంటు లీకేజీనే పసిగడుతుంది, ఈ వేడిని కాదు. పైగా మా వైపు ఉప్పుగాలికి ఇత్తడి కాంటాక్టులు త్వరగా చిలుము పడతాయి.

ఇంకో ఘోరం చెప్పాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని దాని స్థానంలో 32ది బిగించుకుంటున్నారు. లోపల వైరు మాత్రం పాత 2.5 చదరపు మిల్లీమీటర్లదే. అప్పుడు ఎంసీబీ కంటే ముందు వైరే కాలుతుంది. దయచేసి అలా చేయకండి, ఏసీకి వేరే లైను లాగించండి.

2022 జులై గోదావరి వరదల్లాంటివి వచ్చినప్పుడు లంక గ్రామాల్లో మునిగిన స్విచ్‌బోర్డులను ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయకూడదు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల బురద పేరుకునే ఉంటుంది.