సిగ్మా చేతిలో లేకుండా జెడ్ ఏమిటి?

"శాంపిల్ 30 దాటితే జెడ్, లోపుంటే టీ." డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్పే రూల్ ఇది. శాంపిల్ సగటు చూసి అసలు సగటు ఏ హద్దుల మధ్య ఉంటుందో లెక్కగట్టడానికి వాడే రెండు రకాల విలువలే ఈ జెడ్, టీ. దీన్ని సిలబస్‌లోంచి పీకేయాలి. అడగాల్సింది శాంపిల్ ఎంతని కాదు, సిగ్మా, అంటే మొత్తం జనాభాలో అంకెలు సగటుకి ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్, మీకు ముందే తెలుసా అని. తెలిస్తే జెడ్. ఉన్న శాంపిల్ నుంచే అంచనా కట్టుకున్నారా, అయితే టీ.

పరీక్ష పేపర్లో సిగ్మా విలువ అప్పనంగా ఇచ్చేస్తారు. బయట ఎవరిస్తారు? సగటు ఎంతో తెలియకే కదా శాంపిల్ తీస్తున్నాం, మరి అంకెలు ఆ సగటుకి ఎంత అటూ ఇటూ ఉంటాయో మాత్రం ముందే ఎలా తెలుస్తుంది? పోనీ, 30కి అంత మహిమ ఎక్కడిది? పాత పుస్తకాల వెనక టీ పట్టికలు 30 దాకా వరసగా వచ్చి, అక్కడి నుంచి గెంతేసేవి. ఇప్పుడు ఎక్సెల్ ఏ శాంపిల్‌కైనా టీ విలువ క్షణంలో ఇస్తుంది, పాఠం మాత్రం ఆ పట్టిక దగ్గరే ఆగిపోయింది.

శాంపిల్ వెయ్యి ఉంటే టీకి, జెడ్‌కి తేడా ఏముందంటారు. నిజమే, టీ విలువ 1.962కీ జెడ్ విలువ 1.960కీ మధ్య కొట్టుకోనక్కర్లేదు. శాతాల లెక్కల్లో, ఎన్నికల సర్వేల్లాంటివాటిలో జెడ్ వాడటం కూడా సరైనదే. తేడా లేనిచోట టీ వాడితే పోయేదేమీ లేదు కాబట్టి సిగ్మా తెలియని సగటు లెక్కల్లో ఎప్పుడూ టీయే వాడమంటున్నాను.

తేడా ఉన్నచోట మాత్రం మామూలుగా ఉండదు. అయిదే శాంపిళ్లు తీసి, జెడ్ విలువ 1.96 పెట్టి "95 శాతం నమ్మకం" అని రాస్తే అసలు నమ్మకం 88 శాతం దగ్గరే ఉంటుంది. దీన్ని పట్టుకున్నది డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్. బీరుకి వాడే బార్లీ మీద ప్రయోగాలంటే శాంపిళ్లు నాలుగో అయిదో దొరుకుతాయి, అంతకుమించి దొరకవు. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఆయన వేసిన పేపరే టీకి మూలం.

బార్లీ గొడవ మనకెందుకంటే, మన వరికీ ఇదే గతి. కేంద్రం పంటల బీమా పథకం పీఎం ఫసల్ బీమాలో గ్రామ పంచాయతీని యూనిట్‌గా తీసుకుంటే ప్రధాన పంటకి కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చాలు. అయిదు మీటర్లకి అయిదు మీటర్ల గడి కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. నాలుగు గడుల్లో 10, 12, 13, 17 కిలోలు వచ్చాయనుకోండి, సగటు 13. జెడ్ పెడితే అసలు సగటు 10.1 నుంచి 15.9 మధ్య అంటుంది. నాలుగు శాంపిళ్లకి టీ విలువ 3.182, అది పెడితే 8.3 నుంచి 17.7 దాకా పోతుంది!

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. బీమా లెక్కలో ఈ హద్దులేవీ కనపడవు, 13 అన్న ఒక్క అంకే కనపడుతుంది, ఆ కోత ప్రయోగాలు చెప్పే దిగుబడి అంటే అదే. దాన్నే లెక్కలోకి తీసుకుని, రావాల్సిన దిగుబడి 14 అనుకుంటే నష్టం 7 శాతం, పరిహారమూ బీమా మొత్తంలో అంతే శాతం. అదే టీ చెప్పిన హద్దుల్లో చూస్తే ఆ నష్టం సున్నా కావచ్చు, 40 శాతమూ కావచ్చు. గడి ఏ మడిలో పడిందన్న దాన్ని బట్టి ఊరందరి పరిహారం తేలుతోంది, దాని పక్కన "ఇంత అటూ ఇటూ" అన్న ముక్క రాసే చోటే లేదు. బ్యాంకు నోటీసులో వడ్డీ పైసలతో సహా లెక్కగట్టే వ్యవస్థకి ఇదొక్కటే ఎందుకు పట్టదు? ప్రయోగాల సంఖ్య పెంచడం ఖర్చంటారు, ఒప్పుకుందాం. సగటు పక్కన టీ హద్దులు అచ్చు వేయడానికి ఎంత ఖర్చు? రైతుకి ఆ కోత లెక్క తప్పని వాదించుకోవడానికి కనీసం ఒక కాగితమైనా దొరుకుతుంది.