పాయింట్లు పీకి కిట్ పెట్టగానే కష్టాలు తీరవు

పాత పెట్రోలు ట్రాక్టర్లు ఉన్నవాళ్ల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పాయింట్లు (కాయిల్ కరెంటును ఆపి వదిలే చిన్న స్విచ్చి), కండెన్సర్ పీకి పారేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ బిగించండి. రెండు వైర్లే, పది నిమిషాల పని. ఏ కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కు సరిపడా పెంచేది) అయినా సరిపోతుంది, టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ముట్టుకోనక్కర్లేదు. స్పార్క్ రెట్టింపవుతుంది, పవర్ పెరుగుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది. ఇక జన్మలో డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచేది) క్యాప్ విప్పే పని ఉండదు. అంత చేసినా స్టార్ట్ కాకపోతే మాడ్యూల్ (కిట్‌లోని ఎలక్ట్రానిక్ భాగం) పోయినట్టే, ఇంకోటి కొనండి.

కిట్లంటే నాకేమీ పగ లేదు. మంచి కిట్‌ని సరిగ్గా బిగిస్తే ఏళ్ల తరబడి పేచీ పెట్టకుండా పనిచేస్తుంది. కానీ ఈ సందేశం నమ్మి బిగించినవాళ్లలో చాలామంది చివరి వాక్యం దగ్గరే తేలుతున్నారు: మాడ్యూల్ మీద మాడ్యూల్ కొంటున్నారు. అందుకే ఒక్కొక్క మాటనీ పట్టుకుని చూద్దాం. (డీజిల్ బండ్లవాళ్లకు ఈ గొడవ లేదు, వాటిలో స్పార్కే ఉండదు.)

స్పార్క్ రెట్టింపు, పవర్ ఎక్కువ, పెట్రోలు ఆదా

కిట్ మార్చేది ఒక్క స్విచ్చిని మాత్రమే. పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్ ప్రైమరీలో (మొదటి తీగచుట్టలో) కరెంటు పారుతుంది. అవి తెరుచుకోగానే ఆ కరెంటు ఠక్కున ఆగి, సెకండరీలో (రెండో చుట్టలో) వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర స్పార్క్ వస్తుంది. పాయింట్ల మధ్య మంట లేవకుండా చూసేది కండెన్సర్. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ చేసిన ఈ ఏర్పాటు 1910 నాటి క్యాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. కిట్‌లో పాయింట్ల బదులు తిరిగే షాఫ్ట్ మీద ఒక అయస్కాంతపు రింగు, దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్, కరెంటును ఆపి వదిలే ట్రాన్సిస్టర్ ఉంటాయి. అంతే. కాయిల్ పాతదే, ప్లగ్గులు పాతవే, వైర్లు పాతవే. అదే కాయిల్‌లో అంతే కరెంటు పారితే స్పార్క్ ఎక్కడినుంచి రెట్టింపవుతుంది?

పాయింట్లకు ఒక బలహీనత ఉన్నమాట నిజం. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ కాయిల్ నిండటానికి సమయం చాలదు. అయితే ఏ వేగం దగ్గర? ఎనిమిది సిలిండర్ల కారు ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే సెకనుకు 400 స్పార్కులు కావాలి, ఒక్కోదానికి దొరికేది 2.5 మిల్లీసెకన్లు. నాలుగు సిలిండర్ల ట్రాక్టర్ 2000 దగ్గర తిరుగుతుంటే సెకనుకు దాదాపు 67 స్పార్కులు చాలు. ఒక్కోదానికి 15 మిల్లీసెకన్లు ఉంటాయి, పాయింట్లు అందులో మూడింట రెండొంతులు మూసుకుని ఉన్నా కాయిల్ నిండటానికి 10 మిల్లీసెకన్లు దొరుకుతాయి. కావలసినదానికన్నా ఇదే ఎక్కువ. రేసు కారు సమస్యకు కనిపెట్టిన మందును ట్రాక్టర్‌కు పోస్తే పవర్ పెరగదు.

మరి కిట్ పెట్టగానే బండి హుషారైందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. కాలిపోయిన, గ్యాప్ మూసుకుపోయిన పాయింట్లు తీసేసి కిట్ పెడితే తేడా తెలుస్తుంది మరి. కొత్త పాయింట్లు సరైన గ్యాప్‌తో పెట్టి ఉంటే అదే హుషారు ఇంకా చవగ్గా దొరికేది.

రెండు వైర్లే, పది నిమిషాలు

గొడవంతా ఇక్కడే ఉంది. రెండు వైర్ల మాట నిజమే, కానీ మాడ్యూల్‌ను నడిపే ఎర్ర వైరుకు కరెంటు ఎక్కడినుంచి ఇస్తున్నారు?

పాయింట్లకు వోల్టేజీతో పెద్దగా పని లేదు, అవి లోహపు ముక్కలు. బ్యాటరీ ఎంత నీరసపడినా అవి తెరుచుకుని మూసుకుంటూనే ఉంటాయి. మాడ్యూల్ అలా కాదు. దానికి కనీసం ఇంత వోల్టేజీ అందాలని ఒక లెక్క ఉంటుంది, అంతకన్నా తగ్గితే మౌనం వహిస్తుంది. పాత బండ్లలో చాలావాటికి తాళం నుంచి కాయిల్‌కు వెళ్లే దారిలో కాయిల్‌కు అందే వోల్టేజీని తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది. ఎర్ర వైరును చేతికి దగ్గరగా ఉందని కాయిల్ టెర్మినల్‌కే తగిలిస్తే అది రెసిస్టర్ దాటాక మిగిలిన వోల్టేజీయే తాగుతుంది. మాడ్యూల్ ఫీడ్ రెసిస్టర్‌కు ముందునుంచి, కాయిల్ ఫీడ్ రెసిస్టర్ తర్వాతనుంచి రావాలి.

కొలిచే పద్ధతిలోనూ మోసపోతారు. తాళం తిప్పి ఎర్ర వైరు దగ్గర మీటర్ పెడితే 12.4 అని కనిపిస్తుంది, బాగానే ఉందనుకుంటారు. ఆ అంకె దేనికీ పనికిరాదు. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, సెల్ఫ్ తిరుగుతుండగా మీటర్ చూడాలి. అప్పుడు అది 9 కన్నా కిందికి జారితే అనుమానం బ్యాటరీ మీద, తాళం మీద, సెల్ఫ్ కేబుళ్ల మీద. 6 వోల్టుల బండిలో అయితే సెల్ఫ్ కరెంటంతా లాగేసి 4.5 దాకా పడిపోవచ్చు. సెల్ఫ్ మీట వదిలిన క్షణంలోనే ఇంజన్ ఒకసారి దగ్గి అందుకుంటోందంటే రోగం సరిగ్గా ఇదే: తిరిగినంతసేపూ మాడ్యూల్‌కు ఊపిరాడలేదు, వదలగానే ఆడింది. బ్యాటరీ నుంచి ఎర్ర వైరుకు నేరుగా ఒక వైరు తాత్కాలికంగా కలిపి చూడండి. వెంటనే స్టార్టయితే మాడ్యూల్ నిర్దోషి.

ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) సంగతి ఇంకా విచిత్రం. మాడ్యూల్‌కు ఎర్త్ డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటు ద్వారా, అక్కడినుంచి బాడీ ద్వారా, ఇంజన్ బ్లాకు ద్వారా వెళుతుంది. ప్రేమగా కొత్త రంగు వేసి తీర్చిదిద్దిన బండ్లలోనే ఇది ఎక్కువగా తెగుతుంది. డిస్ట్రిబ్యూటర్ కూర్చునే చోట కూడా రంగు కొట్టేసి ఉంటారు! ప్లేటును బాడీకి కలిపే అల్లిక వైరు పెళుసుబారి లోపల తెగిపోయి, పైకి బాగానే కనిపించడమూ మామూలే. మీటర్ ఒక కొనను బ్యాటరీ ఎర్త్ పోస్టు మీదే పెట్టి, రెండోది ప్లేటు మీద పెట్టి, సెల్ఫ్ తిరుగుతుండగా చూడండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 0.5 దాటితే గీకండి, బిగించండి, కొత్త ఎర్త్ వైరు వేయండి.

ఇక పోలారిటీ, అంటే ప్లస్, మైనస్‌ల సంగతి. 1939 నుంచి 1952 దాకా వచ్చిన ఫోర్డ్ 9ఎన్, 2ఎన్, 8ఎన్‌లు 6 వోల్టుల పాజిటివ్ ఎర్త్ బండ్లు. అంటే బాడీకి కలిసేది బ్యాటరీ ప్లస్. వీటిలో చాలావాటిని తర్వాతి యజమానులు 12 వోల్టులకు, నెగటివ్ ఎర్త్‌కు మార్చేశారు. అందుకని పుస్తకం చూసి కిట్ కొనకూడదు, బండి మీద బ్యాటరీ ఎలా కలిసి ఉందో చూసి కొనాలి. తారుమారైతే పాయింట్లకు ఏమీ కాదు, మాడ్యూల్ మాత్రం ఒక్క తాళం తిప్పుతో పోతుంది. మాగ్నెటోతో (బ్యాటరీ లేకుండా స్పార్క్‌కు కరెంటు తానే పుట్టించేది) నడిచే బండికి బ్యాటరీ ఇగ్నిషన్ కోసం చేసిన కిట్ అసలు పనికిరాదు.

ఏ కాయిల్ అయినా సరిపోతుంది

ఓమ్ సూత్రం ఒప్పుకోదు. ఛార్జింగ్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులనుకుంటే, 3 ఓమ్‌ల కాయిల్‌లో పారేది సుమారు 4.7 ఆంపియర్లు. 1.5 ఓమ్‌ల కాయిల్‌లో 9.3. 12 వోల్టులకు మార్చిన బండిలో పాత 6 వోల్టుల కాయిల్‌నే ఉంచి, రెసిస్టర్ కూడా తీసేస్తే జరిగేది ఇదే. నాలుగు సిలిండర్ల బండికి కాయిల్ కనీసం ఎన్ని ఓమ్‌లుండాలో కిట్ కాగితంలో రాసి ఉంటుంది, దాన్ని పాటించాలి. కొలిచేముందు మీటర్ రెండు కొనలూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెను తీసేయాలి. ఒకటి రెండు ఓమ్‌ల లెక్కలో ఆ కాస్త తేడాయే కొంప ముంచుతుంది.

ఎక్కువ మాడ్యూళ్లను చంపేది ఇంకొకటి ఉంది: ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయడం. ట్రాన్సిస్టర్ మూసుకున్న స్థితిలో ఆగితే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పారుతుంది. కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వెనకే మాడ్యూల్ పోతుంది. వైరింగ్ చూసుకుంటూ, మాట్లాడుకుంటూ తాళం సంగతి మర్చిపోవడం ఎంత సులువో చెప్పనక్కర్లేదు.

టైమింగ్ ముట్టుకోనక్కర్లేదు

పాయింట్లు తెరుచుకునే క్షణం, అయస్కాంతం సెన్సర్ ముందుకొచ్చే క్షణం ఒకటే కావాలని ఎక్కడా లేదు. కొన్ని డిగ్రీల తేడా వస్తుంది. టైమింగ్ ముందుకు జరిగితే స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ వెనక్కి తంతుంది, హ్యాండిల్‌తో తిప్పే బండి అయితే చెయ్యి విరగొచ్చు. వెనక్కి జరిగితే లోడు మీద చచ్చుబడి, సైలెన్సర్ ఎర్రబడుతుంది. కిట్ బిగించాక టైమింగ్ మళ్లీ పెట్టి తీరాలి. ముందువైపు డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఫోర్డ్‌లలో అయితే బండికి ఎక్కించకముందే బల్ల మీద సరిచూసుకోవాలి.

జన్మలో క్యాప్ విప్పక్కర్లేదు

పాయింట్లు అరగడం పోయింది, అంతవరకు ఒప్పుకుంటాను. షాఫ్ట్ బుష్ అరిగి ప్లే వస్తే పాయింట్ల గ్యాప్ చెదిరినంతగా హాల్ సెన్సర్ చెదరదన్నదీ నిజమే. కానీ క్యాప్‌లో సన్నటి కార్బన్ గీతలు పడితే, రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ స్పార్క్‌ను పంచే ముక్క) కొన కాలితే, వేగాన్నిబట్టి టైమింగ్ జరిపే అడ్వాన్స్ వెయిట్లు గ్రీజు గడ్డకట్టి పట్టేస్తే కిట్ ఏం చేస్తుంది? పైగా కొత్త జబ్బొకటి తోడవుతుంది. మాడ్యూల్ వైర్లు వదులుగా ఉంటే తిరిగే రోటర్ అడుగు వాటిని రాస్తూ రాస్తూ ఇన్సులేషన్ తినేస్తుంది. ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయి, కుదుపుకు మళ్లీ అందుకుంటుంటే ముందుగా క్యాప్ విప్పి ఆ వైర్ల పైభాగం చూడండి, మెరిసే రాగి కనిపించవచ్చు.

ఐడిల్‌లో బాగానే ఉండి, యాక్సిలరేటర్ లాగగానే మిస్ అవుతుంటే ప్లగ్ వైర్లు చూడండి. పాత బండ్లలో లోపల వట్టి రాగి తీగ ఉన్న వైర్లుంటాయి. వాటినుంచి వచ్చే విద్యుత్ గోల పాయింట్లను ఏమీ చేయదు, సెన్సర్‌ను మాత్రం తికమక పెడుతుంది. రెసిస్టర్ ప్లగ్గులో, కార్బన్ కోర్ వైర్లో వేస్తే గోల తగ్గుతుంది.

స్టార్ట్ కాకపోతే మాడ్యూల్ పోయినట్టే

ఒక టెస్ట్ ల్యాంప్ ఉంటే ఈ తీర్పు ఐదు నిమిషాల్లో తేలుతుంది. కాయిల్‌కు మాడ్యూల్ వైరు వచ్చే టెర్మినల్ నుంచి ఎర్త్‌కు ల్యాంప్ కలిపి సెల్ఫ్ కొట్టండి. ల్యాంప్ మిణుకుమిణుకుమంటే మాడ్యూల్ తన పని తాను చేస్తోంది, వెతకాల్సింది కాయిల్, క్యాప్, రోటర్, వైర్ల వైపు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే మాడ్యూల్ కరెంటు లాగడం లేదు. అప్పుడు కూడా ముందు ఎర్ర వైరు వోల్టేజీ, ఎర్త్, రింగు సరిగ్గా కూర్చుందా లేదా చూడాలి, ఈ మూడూ బాగుంటేనే మాడ్యూల్‌ను అనుమానించాలి. అసలు వెలగకపోతే కాయిల్‌కు ఫీడ్ రావడం లేదు, లేదా మాడ్యూల్ మూసుకుని ఇరుక్కుపోయింది. స్పార్క్ చూడాలనుకుంటే టెస్టర్ వాడండి. ప్లగ్ వైరు గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొడితే ఆ వోల్టేజీ పోయే దారి లేక కాయిల్ మీద, మాడ్యూల్ మీద పడుతుంది.

అరగంట నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే బండిదీ ఇదే పరీక్ష, కాకపోతే ఆగిన ఆ క్షణంలోనే చేయాలి. ల్యాంప్ మిణుకుతూ స్పార్క్ లేకపోతే కాయిల్. మిణుకు లేకుండా ఎర్ర వైరుకు వోల్టేజీ, ఎర్త్ రెండూ బాగుంటే మాడ్యూల్ వేడికి తట్టుకోవడం లేదు, అప్పుడు కొత్తది కొనడం న్యాయమే. స్పార్క్ బ్రహ్మాండంగా ఉంటే ఇగ్నిషన్‌ను వదిలి ట్యాంకు మూత విప్పండి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా బండి అచ్చం ఇలాగే ఆగుతుంది.

పాత పాయింట్లు పారేయండి

ఇది అస్సలు చేయకండి. మాడ్యూల్ పొలం మధ్యలో పోతే దాన్ని బాగుచేసే మార్గం లేదు. పాత ప్లేటును పాయింట్లతో, పనిచేస్తుందని తెలిసిన కండెన్సర్‌తో సహా గుడ్డలో చుట్టి టూల్‌బాక్సులో పెట్టుకోండి. ఈమధ్య దొరికే కొత్త కండెన్సర్లు అన్నీ నమ్మదగ్గవి కావు, పాతది మంచిదైతే అదే ఉంచుకోండి. పక్కనే గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ ఒకటి ఉండాలి: 8ఎన్‌లో డిస్ట్రిబ్యూటర్ ముందువైపు ఉంటే గ్యాప్ 0.015 అంగుళం, పక్కవైపు ఉంటే 0.025.