మెమెంటో చేతికిచ్చి ఫోటో దిగితే చదువైపోయినట్టేనా?

ఇప్పుడే కర్నూలులో ఒక ప్రైజుల ఫంక్షన్ నుంచి ఇంటికొచ్చా. ఒళ్లు మండిపోతోంది. మా ఆయన అన్నం పెట్టుకో అంటున్నాడు, ముందు ఇది రాయనీ అన్నా.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన సర్కారు బడి ఆడపిల్లలకు "ప్రోత్సాహం" అట. పదిన్నరకు రమ్మన్నారు. ముఖ్య అతిథి ఒంటిగంట దాటాక దిగారు. అందాకా పిల్లలు ఖాళీ కడుపుతో కుర్చీల్లో, పెద్దలు స్టేజీ మీద జీడిపప్పుతో. తర్వాత శాలువాలు, దండలు, పళ్లబుట్టలు, అన్నీ పెద్దలకే. పిల్లలకు ఒక గాజు మెమెంటో. దాని మీద పిల్ల పేరు కన్నా దాత పేరు పెద్దది. దానికి తోడు ఒక హాట్ బాక్స్! స్కూల్ ఫస్టొచ్చిన పిల్లకు హాట్ బాక్స్! మగపిల్లలకైతే కాలిక్యులేటర్ ఇచ్చుంటారు లెండి.

పక్కన కోసిగి వైపు పిల్ల కూర్చుంది. ఇంటర్ ఎక్కడ చేరావు పాపా అని అడిగా.

"చేరలేదు మేడం. ఆధార్‌లో పేరు తప్పుందంట. దీపావళి అయినాక మా నాయన సుగ్గికి పిలుచుకుపోతానన్నాడు."

సుగ్గి అంటే కూలి పనికి వలస పోవడం. గుంటూరు మిరప చేలో ఆ గాజు మెమెంటో ఎక్కడ పెట్టుకోవాలో దాతగారే చెప్పాలి.

ఇదేమైనా మనకు తెలియని సంగతా? కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వానలు మొహం చాటేస్తే ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లలు కూడా అమ్మానాన్నల వెంటే. ముందు బడి మానేది ఆడపిల్లే, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి కదా, గుడిసె దగ్గర వంట చూడాలి కదా. తిరిగొచ్చేసరికి పరీక్షలైపోతాయి, సంబంధం రెడీగా ఉంటుంది.

ఆడపిల్లల కోసం సర్కారు నడిపే కస్తూర్బా విద్యాలయాలు 2004లో వచ్చాయి. ఇప్పుడు వాటిల్లో ఇంటర్ కూడా ఉంది, హాస్టలు, తిండి ఉచితం. ఆ పిల్లకు కావలసింది ఊరి సచివాలయంలో ఒక పూట కూర్చుని పేరు సరిచేయించి, దరఖాస్తు పెట్టించే ఒక అక్క. దీపావళికి ముందు వాళ్ల నాయనకు ఒక ఫోన్. అంతే! 2008లో మొదలైన ఒక పథకం కింద కేంద్రం ఎస్సీ, ఎస్టీ, కస్తూర్బా ఆడపిల్లలు తొమ్మిదిలో చేరితే వాళ్ల పేరున 3,000 డిపాజిట్ చేసేది. పది పాసై 18 నిండితేనే చేతికొచ్చేది. చిన్న మొత్తమే, కానీ అందులో ఒక ఆలోచన ఉంది. హాట్ బాక్సులో ఏముంది?

స్టేజీ మీద అందరూ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తెగ వాడేశారు. ఆవిడ మద్రాసులో తెలుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి బనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించింది తల్లీ, శాలువా కప్పించుకుని భోజనానికి పోలేదు.

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపు సంగతి ఎత్తితే ఇంకా మంట. అందరూ పట్టభద్రులే. మొన్న ఒక పిల్ల హాస్టల్ డిపాజిట్ కోసం మెసేజ్ పెడితే వరసగా దండాల బొమ్మలు వచ్చాయి, రూపాయి రాలేదు. గెట్ టుగెదర్‌కు అందరికీ ఒకే రంగు నీలం చీరలు అనగానే గంటలో డబ్బులు జమ! సగం మంది ఎమ్మెస్సీలు. "మా ఆయన్ని అడగాలి" అంటారు. చీరకు అడిగారా?

నాకూ ఇంటర్‌లో ఫస్టొచ్చినందుకు ప్రైజిచ్చారు, ప్రెషర్ కుక్కర్. అది మా అక్క పెళ్లి సారెలో పోయింది. రెండుసార్లు తప్పిన మా అన్న బెంగళూరు పోయాడు, నేను ఇంటి పక్క కాలేజీకి. "ఆడపిల్లకు ఇదే ఎక్కువ" అన్నాడు మా నాయన. ఇప్పటికీ మా అమ్మ ఆ కుక్కర్ గురించి గొప్పగా చెప్తుంది, నా మార్కులెన్నో ఆమెకు గుర్తు లేదు.

రేపు ఆ పిల్లతో ఆధార్ పనికి నేనే పోతున్నా. మెమెంటో కమిటీ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, శాలువాల బిల్లు ఎంతైందో కింద రాయండి. గ్రూపు వాళ్లు మాత్రం దయచేసి దండాలు పెట్టకండి.