మూడు చేతుల నూనె

బెజవాడలో 1993 నాటికి మా వయసు కుర్రాళ్లకి రెండే కోరికలు. ఎంసెట్ ర్యాంకు, యమహా ఆర్‌ఎక్స్ 100 బండి. మొదటిది ఇంట్లోవాళ్ల కోరిక కాబట్టి దాని దిగులు వాళ్లే పడేవాళ్లు. రెండోది మా బాబాయ్ దగ్గరుండేది. ఆయన ఆఫీసు పనిమీద నెల్లాళ్లు కాకినాడ వెళ్తూ, "రోజుకోసారి స్టార్ట్ చేసి ఆపరా, బ్యాటరీ పడుకుంటుంది" అని తాళం నా చేతిలో పెట్టాడు. అప్పుడు నా పక్కన మా బావ కూడా ఉన్నాడు. ఆ సంగతి బాబాయ్ పట్టించుకోలేదు.

ఆ నెల్లోనే బావ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో మూడు రూపాయలకి ఒక అమెరికా మోటారు పత్రిక కొన్నాడు. అట్ట లేదు, సగం పేజీలు చెదలు తినేశాయి. మా కొంప ముంచడానికి మిగతా సగం చాలింది. అందులో ఉన్నదంతా హాట్‌రాడ్‌ల కథే. అక్కడి కుర్రాళ్లు 1932 ఫోర్డు లాంటి పాత కారు కారుచౌకగా కొనడం, మడ్‌గార్డులు పీకేయడం, పైకప్పు కోసి కిందికి దించడం, ఇంజను ఇంటి షెడ్డులోనే విప్పి బలం పెంచడం, కాలిఫోర్నియా ఎడారిలో ఎండిపోయిన సరస్సుల మీద దౌడు తీయించడం. 1950లో శాంటా ఆనాలో విమానాలు దిగేచోటే పందేలు మొదలెట్టారట. పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవడు ముందు దాటితే వాడు మొనగాడు.

మనకీ మద్రాసు పక్కన షోలవరంలో పాత రన్‌వే మీద పందేలు జరిగేవి గానీ, మా దగ్గర రైలు చార్జీలు ఎక్కడివి? కాలువ గట్టు రోడ్డు ఉంది, చాలు. కొలవడానికి టేపు లేక కరెంటు స్తంభాలు లెక్కేశాం. స్తంభానికీ స్తంభానికీ యాభై మీటర్లు, ఎనిమిది స్తంభాలు కలిపితే నాలుగొందలు. ఎనిమిది స్తంభాల మధ్య ఉండేవి ఏడు ఖాళీలేనని ఇదిగో ఇప్పుడు రాస్తుంటే తట్టింది. ఆ ర్యాంకు ఎందుకు రాలేదో కూడా.

"బరువు తగ్గితే వేగం అదే వస్తుంది బావా" అన్నది మా బావ సిద్ధాంతం. 98 సీసీ ఇంజను, 11 హార్స్ పవరు, దాని నెత్తిన ఇంత ఇనుమెందుకని మడ్‌గార్డులు, చీర గార్డు, అద్దాలు, హారను, చివరికి రెండు స్టాండ్లూ పీకేశాడు. స్టాండ్లు పోయాక గానీ తెలీలేదు, బండిని ఇక ఎక్కడా నిలబెట్టలేమని. ఆ వారమంతా స్టాండు నేనే. బావ టీ తాగుతుంటే పట్టుకునేవాణ్ణి, పాన్ వేసుకుంటుంటే పట్టుకునేవాణ్ణి. పీకినవన్నీ గోనెసంచిలో వేసి కిరాణా కొట్టు కాటా మీద పెడితే తొమ్మిది కిలోలు తూగాయి. బండి తోలేది బావ. బావ ఎనభై రెండు. తనలోంచి మాత్రం ఏదీ తగ్గించడానికి ఒప్పుకోలేదు.

తర్వాత ఆటోనగర్. టూ స్ట్రోక్ ఇంజన్లో ఫోర్ స్ట్రోక్‌కి లాగా సిలిండరు నెత్తిన వాల్వులుండవు, సిలిండరు గోడకే కిటికీల్లాంటి పోర్టులుంటాయి. వాటిని ఆకురాయితో రాసి పెద్దవి చేస్తే పై స్పీడులో ఇంజను పూనకమొచ్చినట్టు లేస్తుంది, కింది స్పీడులో మాత్రం నిద్రపోతుంది. మెకానిక్ భాయ్ కాసేపు రాసి, "ఇంకా రాస్తే ఇంజను కాదు సాబ్, జల్లెడ" అని ఆకురాయి కింద పెట్టేశాడు.

బావకి ఇంకా ఆశ చావలేదు. ఆర్‌ఎక్స్‌కి ఆయిల్ డబ్బా విడిగా ఉంటుంది, ఎంత కావాలో అంత ఒక చిన్న పంపు తనే తోడి ఇంజన్లో పోస్తుంది. అదీ బరువే కదా అని పీకించేశాడు. ఇక పాత స్కూటర్లకి లాగా పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకోవాలి. భాయ్ మా ఇద్దరి మొహాల ముందు నల్లటి వేలు ఆడించి చెప్పాడు: "లీటరుకి 40 మిల్లీ. మర్చిపోయారో, పిస్టన్ సిలిండర్లో ఇరుక్కుని పట్టేస్తుంది."

పిస్టన్ పట్టేయడం అనే మాట నా గుండెలో పడిపోయింది. బండి బాబాయ్‌ది మరి. శనివారం రాత్రి నిద్ర పట్టక లేచి, ట్యాంకులో ఉన్న రెండు లీటర్లకి లెక్కకట్టి 80 మిల్లీ పోసి, ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను. ఆ మాట బావ గుండెలోనూ పడిందని నాకేం తెలుసు? దారిలో బంకు దగ్గర అర లీటరు కొట్టించుకుంటే, అక్కడి కుర్రాడు టూ స్ట్రోక్ బండి కనపడగానే అలవాటు కొద్దీ తన చేతి పంపుతో ఆయిల్ ఇంకో నాలుగు నొక్కులు నొక్కాడు.

ఆదివారం పొద్దున్న ఐదున్నర. అవతల కవాసకి బజాజ్ మీద సత్యనారాయణపురం కుర్రాడు. కర్చీఫ్ దిగింది. కింది స్పీడులో బండి నిద్రపోతుందని బావ క్లచ్ పట్టుకుని యాక్సిలేటర్ మొత్తం తిప్పాడు. నేను వెనక నుంచి వదిలేశాను. అంతే, నాకు బావ కనపళ్లేదు, రోడ్డు కనపళ్లేదు, నా చేతులే కనపళ్లేదు. తెల్లటి పొగ, చిక్కగా, గట్టు పొడుగునా ఇళ్లమీదికి పాకుతోంది. కవాసకి దగ్గుకుంటూ ముందుకి పోయిన చప్పుడు వినిపించింది. మూడో స్తంభం దగ్గర మా బండి రెండు సార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. స్పార్క్ ప్లగ్గు నూనెలో మునిగిపోయింది.

"బావా, ఎక్కడున్నావు? బండి పట్టుకో, చేతులు పడిపోతున్నాయి!" అని పొగలోంచి కేక. స్టాండు లేదుగా.

నేను తడుముకుంటూ వెళ్లేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిల్లలు నోట్లో బ్రష్షులతో, ఒంటిమీద చొక్కాల్లేకుండా కేరింతలు కొడుతూ పొగలోకి ఉరికారు. "దోమల మందు బండొచ్చిందే! బిందెల మీద మూతలు పెట్టండే!" అని ఎవరో అరుస్తున్నారు. బావ పొగలో బండి హ్యాండిలు పట్టుకుని ఊరేగింపు ఉత్సవ విగ్రహంలా నిలబడ్డాడు.

నన్ను చూసి గొంతు తగ్గించాడు. "ఆయిల్ నువ్వేమన్నా పోశావా?"

"ఎనభై. నువ్వూ?"

"ఎనభై."

ఒక ముసలావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మా దగ్గరికొచ్చింది. బండినీ మమ్మల్నీ ఎగాదిగా చూసి, ఇంటి వెనక్కి చెయ్యి చూపించింది.

"కాలవ్వైపు కొట్టి ఏం లాభం నాయనా, దోమలన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. అటు కూడా ఓ ఎనభై కొట్టి పోండి."