కాటి సీనుకు కెమెరా పెడితే

ఏళ్ల తరబడి ఆడిన సంగీత నాటకాన్ని సినిమాగా తీయడం నిర్మాతకు చవక బేరంలా కనిపిస్తుంది. కథ జనానికి తెలుసు, పాటలు నోళ్లలో నానుతున్నాయి, సెట్లు వేసి తీసేయడమే తరువాయి అనుకుంటారు. చిక్కులన్నీ ఆ నమ్మకం దగ్గరే మొదలవుతాయి.

‘క్యాట్స్’ అనే ఇంగ్లిష్ సంగీత నాటకం సంగతే చూడండి. 1981లో లండన్ రంగస్థలం మీద నటులు బిగుతు దుస్తులు వేసుకుని, మొహానికి రంగులు పూసుకుని ‘మేం పిల్లులం’ అంటే ప్రేక్షకులు సరే అన్నారు. 2019లో టామ్ హూపర్ దాన్నే సినిమా తీస్తూ ఆ ‘సరే’ని నమ్మలేకపోయారు. కంప్యూటర్‌తో నటుల ఒంటినిండా బొచ్చు మొలిపించారు. ఆ పని విడుదల తేదీకి కూడా తెమల్లేదు. సినిమా ఆడుతుండగానే గ్రాఫిక్స్ సరిచేసిన కాపీలను థియేటర్లకు మళ్లీ పంపారు. ఇంతా చేస్తే పెట్టుబడి కూడా తిరిగి రాలేదు.

హాలీవుడ్ గొడవ మనకెందుకు అనకండి. పౌరాణిక నాటకం పేరు చెబితే తెల్లవార్లూ కూర్చున్న బెజవాడ, గుంటూరు సీమలకు ఈ తలనొప్పి కొత్తది కాదు.

గుంటూరు జిల్లా కవి బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకాన్నే తీసుకుందాం. అందులో జనం కాచుకుని కూర్చునేది కాటి సీను కోసం. అక్కడ వినిపించే ‘ఇచ్చోటనే’ పద్యాలు బలిజేపల్లివి కావు, వినుకొండలో పుట్టిన జాషువావి. ‘శ్మశానవాటి’ ఖండికలోంచి నటులు తెచ్చి పాడారు, జనం వన్స్‌మోర్ కొట్టారు, పద్యాలు నాటకంలో కలిసిపోయాయి. అంటే ఆ నాటకానికి అచ్చు పుస్తకం ఒక్కటే ఆధారం కాదు. ఏ పద్యం ఉండాలో, ఎంతసేపు ఉండాలో తేల్చడంలో ప్రేక్షకులకూ వాటా ఉంది. సాగదీస్తే గోల చేస్తారు, నచ్చితే మళ్లీ పాడమంటారు. నటుడు దాన్నిబట్టి రాగం పెంచుతాడు, తగ్గిస్తాడు. హార్మోనిస్టు అతని వెంటే పోతాడు.

సినిమాలో ఈ వాటా ఎవరికీ ఉండదు. మద్రాసులో ఎడిటింగ్ బల్ల మీద తేల్చిన నిడివే తెనాలికైనా, తుళ్లూరుకైనా.

1965లో విజయా సంస్థ ‘సత్య హరిశ్చంద్ర’ తీసింది. దర్శకుడు కె.వి.రెడ్డి, హరిశ్చంద్రుడు ఎన్టీఆర్. అంతకు ఎనిమిదేళ్ల ముందు ‘మాయాబజార్’ ఇచ్చిన జంటే. అయినా సినిమా ఆడలేదు. ‘నమో భూతనాథా’ పాట మాత్రం నేటికీ వినిపిస్తూనే ఉంది. నా లెక్కలో ఇది ప్రతిభ కొరత కాదు. రంగస్థలం మీద హరిశ్చంద్రుడి ఏడుపంతా రాగంలోనే ఉంటుంది. ఆలాపన సాగేకొద్దీ చూసేవాడి గొంతు పూడుకుపోతుంది. కెమెరా కొడుకు శవాన్నీ, తల్లి మొహాన్నీ దగ్గరగా చూపించేస్తే దుఃఖం రెండు క్షణాల్లో అందిపోతుంది. ఆ తర్వాత రాగం తీస్తే అదనంగా తోస్తుంది. తీయకపోతే పద్యం కోసం వచ్చినవాడు ఉసూరుమంటాడు. ఈ రెంటి మధ్య ఎంతటి దర్శకుడైనా ఇరుక్కోవాల్సిందే.

అలాగని రాగాలు మానేసి సహజంగా నటిస్తే సరిపోతుందా? 1936లో ఒకే కథ మీద రెండు సినిమాలు పోటీపడ్డాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు బళ్లారి రాఘవ. పద్యాన్ని రాగాలతో సాగదీయడం ఆయనకు గిట్టదు, నటనే ముఖ్యమన్న మనిషి. కెమెరాకు అంతకంటే తగిన నటుడు ఆనాడు ఎవరున్నారు? ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, ద్రౌపది కన్నాంబ, కృష్ణుడు సీఎస్ఆర్. గెలిచింది ఈ రెండోదే. ఒక్క రాఘవ నటన మీదే ఆ ఓటమిని నెట్టడం అన్యాయం, పోటీలో వంద కారణాలుంటాయి. కానీ టాకీ, అంటే మాటలు వినిపించే సినిమా, కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మనవాళ్లు టిక్కెట్టు కొన్నది ముందు వినడానికి, తర్వాతే చూడడానికి.

కుదిరిన సందర్భమూ ఒకటుంది. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ అంటే స్థానం నరసింహారావు, బాపట్ల మనిషి. ‘మీరజాలగలడా’ పాట ఆయన వేషంతోనే పేరు మోసింది. 1966 సినిమాలో అదే పాటను సుశీల పాడగా జమున అభినయించింది. మగవాడు ఆడవేషంలో ఒలికించిన వయ్యారాన్ని నటి మళ్లీ అనుకరించబోతే నవ్వులపాలయ్యేది. సినిమావాళ్లు పాటను ఉంచుకుని, స్థానం నడకను నాటకానికే వదిలేశారు. ఏది తెచ్చుకోవాలో, ఏది అక్కడే వదలాలో వాళ్లకు తెలిసింది. ‘క్యాట్స్’ వాళ్లకు తెలియనిది ఇదే.

పౌరాణికాలకు మళ్లీ గిరాకీ ఉందని గ్రాఫిక్స్ బడ్జెట్లు వేసుకుంటున్న నిర్మాతలు రేపు శ్రీకృష్ణ రాయబారం నాటకం మీదా చేయి వేస్తారు. వేయనివ్వండి. కానీ స్క్రిప్టు ఖాయం చేసే ముందు బెజవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో పద్య నాటకం పడినప్పుడు ముందు వరుసలో కాక, వెనక వరుసలో కూర్చోవాలి. ఏ పద్యానికి జనం ముందుకు వంగుతున్నారో, ఏ పద్యానికి టీ తాగడానికి లేస్తున్నారో అక్కడి నుంచే కనిపిస్తుంది. మిగతాది హార్మోనిస్టును అడిగితే చెబుతాడు.